గురువారం సరే, శుక్రవారం ఎందుకు?

2018 జూన్ చివరి వారంలో, ఎల్‌బీ నగర్ కూడలికీ కర్మన్‌ఘాట్‌కీ మధ్య ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు నన్ను ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయురాలిగా వేశారు. ఉత్తర్వులో వాడిన మాట ‘పూర్తి అదనపు బాధ్యతలు’. అంటే పని పూర్తిగా ఉంటుంది, పదవి అదనంగా ఉంటుంది, జీతం మాత్రం పాత స్కూల్ అసిస్టెంట్‌దే ఉంటుంది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పిల్లలు నన్ను ‘పెద్ద మేడం’ అనేవారు. అది హోదాను బట్టి వచ్చిన పేరు. ఎత్తును బట్టి పెట్టాల్సి వస్తే తొమ్మిదో తరగతి ఆడపిల్లల్లోనే నాకంటే అర్హులు డజను మంది ఉన్నారు.

నేను చేరేనాటికి మెట్రో స్తంభాలు లేచాయి గాని రైలు ఇంకా మొదలు కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే టీచర్లు రోజూ ఆ స్తంభాల కింద ఇరుక్కుపోయి ఆలస్యంగా వచ్చేవారు. పిల్లలూ వాటి కిందే ఇరుక్కునేవారు. ట్రాఫిక్ అన్న కారణం టీచర్లకు చెల్లేది, పిల్లలకు చెల్లేది కాదు. దీంట్లో వింత ఉందని నాకు మరుసటి జనవరి దాకా తోచలేదు.

ఈ వృత్తి తెలియనివారి కోసం హాజరు పట్టీ సంగతి కొంచెం చెప్పాలి. ప్రతి పేరుకూ ఎదురుగా రోజుకొక గడి ఉంటుంది. ఉదయం పేరు పిలిచినప్పుడు పలికితే ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం పలికితే దానికి అడ్డంగా ఇంకొక గీత. రెండూ పడితే గుణకారం గుర్తు వస్తుంది, అది పూర్తి హాజరు. ఒక్క గీతే ఉంటే సగం రోజు. రాకపోతే ‘ఎ’. ముందే సెలవు చీటీ ఇచ్చి, బడి దాన్ని ఒప్పుకుంటే ‘ఎల్’. రోజులు లెక్క కట్టేటప్పుడు ‘ఎ’ అయినా ‘ఎల్’ అయినా రానట్టే. తేడా పదో తరగతి చివర తెలుస్తుంది. పబ్లిక్ పరీక్షకు హాల్‌టికెట్ రావాలంటే డెబ్బై ఐదు శాతం హాజరు ఉండాలి. అరవై ఐదు దాటి, డెబ్బై ఐదు అందనివాళ్లను పైఅధికారి మన్నించవచ్చు. దానికి డాక్టరు సర్టిఫికెట్, ప్రధానోపాధ్యాయుల సిఫారసు కావాలి. ‘ఎల్’లు ఉన్న పిల్లకు సిఫారసు రాయడం సులువు. అన్నీ ‘ఎ’లే ఉంటే పెన్ను ముందుకు కదలదు.

నేను చేరేనాటికి ఆ బడిలో సెలవు చీటీ అన్నది ఒక మర్యాద మాత్రమే. కొందరు ఇచ్చేవారు, కొందరు నోటితో చెప్పేవారు, చాలామంది ఏమీ చెప్పకుండా మానేసి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చునేవారు. లెక్కల మనిషిని కాబట్టి నాకు ఇది నచ్చలేదు. జులై మొదటి వారంలో నోటీసు బోర్డు మీద ఒప్పుకోదగిన కారణాల జాబితా అంటించాను: విద్యార్థికి జ్వరం, విద్యార్థికి ఇతర జబ్బు, ఇంట్లో మరణం, రక్తసంబంధీకుల పెళ్లి. ఇవి తప్ప మరే కారణంతో మానినా అది అనుమతి లేని గైర్హాజరు. అలా మానినవాళ్లు మరుసటి రోజు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రావాలి. లేకపోతే గేటు దగ్గర నుంచే తిప్పి పంపుతాం.

గేటు బాధ్యత అటెండరు నర్సింహది. యాభై ఏళ్ల మనిషి, దేవరకొండ వైపు నుంచి వచ్చినవాడు. క్లాస్ టీచర్లు ముందు రోజు ‘ఎ’లు పడ్డ పేర్ల చీటీ ఆయనకు ఇవ్వాలి. ఆయన ఎవరిని తిప్పి పంపిందీ, ఎన్ని గంటలకు పంపిందీ ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకంలో ప్రతి శనివారం నేను పొట్టి సంతకం పెట్టాలి. ఏర్పాటు పకడ్బందీగా ఉందని నన్ను నేను మెచ్చుకున్నాను. ఇంకెవరూ మెచ్చుకోలేదు, కాని వాళ్లకు లెక్కలు రావు.

ఫలితం వెంటనే కనిపించింది. బడి మొత్తానికి జ్వరం వచ్చింది. స్లిప్ టెస్టు ఉన్న రోజు ఎక్కువగానూ, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మరీ ఎక్కువగానూ వచ్చేది. ఒకడు ముందు రోజు సాయంత్రమే చీటీ ఇచ్చి, తనకు రేపు తీవ్రమైన జ్వరం ఉంటుందని తెలియజేశాడు. ఇంకొకడు మేనమామ పెళ్లికి మూడు రోజులు సెలవు అడిగితే నేను ‘ఎల్’ ఇచ్చేశాను. ఆ చీటీ చూసి పదో తరగతి ‘బి’ సెక్షన్ క్లాస్ టీచరు సత్యవతిగారు నా గదిలోకి వచ్చారు. ఆమె తెలుగు పండితురాలు. సొంతూరు తెనాలి, ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నారు, భాష మాత్రం ఇంకా తెనాలి దాటి రాలేదు.

“ఏవండీ మేడం, ఆషాఢంలో పెళ్లేంటండీ? ముహూర్తం ఎవరు పెట్టారంటారు, వాళ్ల క్లాసు లీడరా?” అన్నారు.

నేను చీటీ మళ్లీ చదివాను. రక్తసంబంధమే, జాబితాలో ఉన్నదే. మాసం గురించి నా జాబితాలో ఏమీ లేదు. అనుమతి రద్దు చేయలేదు.

ఆ ‘బి’ సెక్షన్‌లోనే మౌనిక ఉండేది. తండ్రి విజయవాడ రూటులో లారీ నడిపేవాడు, పది రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. తల్లి యాదమ్మ కాలనీల్లో జరిగే వారపు అంగళ్లలో కూరగాయలు అమ్మేది. మా వైపు ఒక్కో కాలనీకి ఒక్కో రోజు అంగడి ఉంటుంది. వాటిలో గురువారం అంగడి పెద్దది, ఆ ఒక్క రోజూ యాదమ్మ పొద్దున్నుంచి రాత్రి దాకా కదలడానికి వీలుండదు. ఇంట్లో మూడేళ్ల చిన్నపిల్ల ఉంది. మిగతా రోజుల్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేది గాని, గురువారం తొక్కిసలాటలో అది కుదరదు. అందుకని ప్రతి బుధవారం సాయంత్రం మౌనిక ఒక చీటీ ఇచ్చేది. ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది:

‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలిగారికి. రేపు గురువారం మా అమ్మకు అంగడి ఉంది. మా చెల్లెను చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. కావున నేను బడికి రాలేను. శుక్రవారం వస్తాను. మీ విధేయురాలు, ఎం. మౌనిక, పదవ తరగతి బి.’

అంగడి నా జాబితాలో లేదు. చీటీ మీద ఎర్ర సిరాతో ‘అనుమతి లేదు’ అని రాసి పంపేదాన్ని. అంతకు ముందే సత్యవతిగారు అందులో అక్షరదోషాలు దిద్ది ఉండేవారు. ఆమె భాష దిద్ది, నేను సెలవు తిరస్కరించి, ఇద్దరం ఉద్యోగ ధర్మం నిర్వర్తించాం. వారం వారం ఆ పిల్ల తెలుగు మెరుగుపడింది. హాజరు మెరుగుపడలేదు.

అక్టోబరులో అనుకుంటాను, సత్యవతిగారు ఉండబట్టలేక మౌనికను పిలిచి, అందరిలాగే జ్వరమని రాయొచ్చు కదా అని సలహా ఇచ్చారట. పంతులమ్మ చెప్పాల్సిన మాట కాదు గాని, మా బడి అప్పుడు ఆ స్థితిలో ఉంది. మౌనిక ఒప్పుకోలేదు.

“అమ్మో, జరమని రాయను మేడం. మా నాయినమ్మ చెప్పింది, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరంట. రాసింది రాసినట్టే అయితదంట” అన్నదట.

నాకు ఈ మాట చెబుతూ సత్యవతిగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వి, ఆ గురువారానికి ‘ఎ’ వేశాం.

జనవరి మొదటి వారంలో పదో తరగతి హాజరు లెక్కలు తీశాం. ఇది ఏటా జరిగే పని. ఎవరికి తక్కువ పడుతుందో ముందే చూసుకుని తల్లిదండ్రులను పిలవాలి. లెక్క నేనే కట్టాను. మౌనికకు డిసెంబరు చివరి దాకా అరవై మూడు శాతం వచ్చింది. మార్చి దాకా ఒక్క రోజు కూడా మానకుండా వచ్చినా డెబ్బై మూడు దాటదు. పరీక్ష రాయాలంటే మన్నింపు ఒక్కటే దారి. మన్నింపు కావాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

అయితే లెక్కలో నాకు అర్థం కానిది ఒకటి ఉంది. ఆగస్టులో చెల్లెలికి డెంగీ వచ్చినప్పుడు పది రోజులు మానింది. దానికి చీటీ ఉంది, జబ్బు విద్యార్థిది కాదు కాబట్టి నేనే ఒప్పుకోలేదు. గురువారాలు ఉన్నాయి, వాటికీ చీటీలున్నాయి. కాని ప్రతి గురువారం పక్కన శుక్రవారం కూడా ‘ఎ’ ఉంది. జులై నుంచి డిసెంబరు దాకా, సెలవులు పోను, ఇరవై రెండు శుక్రవారాలు. వాటికి ఒక్క చీటీ లేదు. ఇన్ని నిజాలు రాసిన పిల్ల శుక్రవారం గురించి ఏమీ రాయలేదంటే ఇందులో ఏదో ఉందని నాకు అనుమానం వచ్చింది. అంగడి కథ చెప్పి రెండు రోజులు ఎగ్గొడుతోందని అనుకున్నాను.

యాదమ్మకు కబురు చేశాను. గురువారం మధ్యాహ్నం, అంగడిలో బండి పక్కవాళ్లకు అప్పగించి, చేతులకు ఇంకా పచ్చి కొత్తిమీర అంటుకుని ఉండగా వచ్చింది. చిన్నపిల్లను చంకనేసుకుని మౌనిక వెనకాల నిలబడింది. నర్సింహ తలుపు దగ్గర ఉన్నాడు. నేను రిజిస్టరు తెరిచి, వేలితో గడులు చూపిస్తూ, వీలైనంత మర్యాదగానే మొదలుపెట్టాను. పదో తరగతి అని, ఆడపిల్ల చదువని, హాల్‌టికెట్ రాకపోతే ఏడాది పోతుందని చెప్పాను. చివరికి అసలు ప్రశ్న అడిగాను.

“గురువారం సరే యాదమ్మా. అంగడి ఉంటుంది, ఒప్పుకుంటాను. శుక్రవారం ఎందుకు మాన్పిస్తున్నావు?”

యాదమ్మ నన్ను చూసింది, కూతుర్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

“శుక్రారం మేమేడ మాన్పించినం మేడం? పొద్దుగాల్నే జడ ఏసి పంపిస్త. మీరే ఇంటికి పంపిస్తిరి గద.”

నేను నర్సింహ వైపు చూశాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

“అవ్ మేడం. గురువారం చీటీల పేరుంటది. శుక్రవారం తల్లి రాదు. మీరే చెప్పిన్రు గద, తల్లి రాకుంటె లోపటికి రానియ్యకు అని. బుక్కుల రాస్తున్న గద, మీరు సంతకం పెడ్తున్రు.”

పుస్తకం తెచ్చాడు. ప్రతి శుక్రవారం, తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకో ఇరవై అయిదుకో, అంటే ప్రార్థన గంటకు ముందే, ‘మౌనిక, పది బి, తల్లి రాలేదు, పంపించినం’ అని పెన్సిలుతో కాదు, పెన్నుతోనే రాసి ఉంది. జ్వరం వచ్చినవాళ్లెవరూ ఆ పుస్తకంలో లేరు, వాళ్లంతా ‘ఎల్’ తీసుకుని దర్జాగా లోపలికి పోయారు. మిగతా పేర్లు ఒకసారో రెండుసార్లో వచ్చి ఆగిపోయాయి. ప్రతి వారం కనిపించే పేరు ఒక్కటే. ప్రతి వారం దాని కింద నా పొట్టి సంతకం ఉంది. నేను పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన మాట ఒకటుంది, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దని.

మరి శనివారాలు ఎందుకు రానిచ్చావని నర్సింహను అడిగాను. తన దగ్గర దానికి కారణం ఉంది. శుక్రవారం ‘ఎ’ కూడా చీటీలో ఉండేదట. “నిన్న మనమే పంపిస్తిమి, ఇయ్యాల మల్ల పంపిస్తే గా పోరి ఎప్పుడు సదవాలె మేడం?” అని తనే తేల్చుకుని లోపలికి వదిలేవాడు. ఆ సంవత్సరం మా బడిలో ఎవరైనా తీసుకున్న నిర్ణయాల్లో వివేకం ఉన్నది అదొక్కటే అని నా అభిప్రాయం.

యాదమ్మ ఎందుకు రాలేదో అడగాల్సిన పని లేకపోయింది. తెల్లవారుజామున హోల్‌సేల్ మార్కెట్టు, ఇంటికొచ్చి కూతురికి జడ, ఆ వెంటనే శుక్రవారం అంగడి. బడి గంట కొట్టే వేళకు ఆమె బుట్టలు దించుతూ ఉంటుంది. ఆ మాట కూతురు గేటు దగ్గర చెప్పిందట. కాని గేటు దగ్గర కారణాలు వినడం నిబంధనలో లేదు.

తప్పు నాదని మౌనికతో అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంత సమయం పట్టింది, ఎందుకంటే అలవాటు లేదు. ఆ పిల్ల దాని మీద పెద్దగా ఆగలేదు.

“సరే మేడం. మరి రేపు నన్ను లోపటికి రానిస్తరా?” అంది.

మరుసటి రోజు శుక్రవారం. రానిచ్చాం. గేటు నిబంధన గురువారం సాయంత్రమే రద్దు చేశాను.

దాంతో హాల్‌టికెట్ సమస్య తీరలేదు. పోయిన శుక్రవారాలు రిజిస్టరులో అలాగే ఉన్నాయి. హాజరు పట్టీలో దిద్దడమంటే మా శాఖలో చిన్న విషయం కాదు. వైట్‌నర్ వాడితే సస్పెండు చేస్తారు. ఏదైనా మార్చాలంటే పైఅధికారి ఉత్తర్వు ఉండాలి, ఎర్ర సిరాతో మార్చాలి, తేదీతో సంతకం పెట్టాలి.

సత్యవతిగారు దగ్గరి దారి ఒకటి చూపించారు. మంచి మనసుతోనే.

“మా వీధి చివర డాక్టరుగారున్నారు మేడం, మన వాళ్లే. టైఫాయిడ్ అని రాసిస్తారు. మూడు వారాల బెడ్ రెస్టు, పైన ఇంకో మూడు వారాల నీరసం. మన డిపార్ట్‌మెంటుకు అంత కలిసొచ్చే జబ్బు ఇంకోటి లేదండీ.”

నేను ఒక పూట ఆలోచించాను. ఒప్పుకోకూడదని తెలుసు, కాని ఆ సర్టిఫికెట్‌తో పిల్ల పరీక్ష రాస్తుంది, నా తప్పు ఎవరికీ తెలియదు, పదోన్నతి జాబితాలో నా పేరు అలాగే ఉంటుంది. ఇంతమందికి మేలు చేసే జబ్బును కాదనడం కష్టం. దరఖాస్తు మీద విద్యార్థి సంతకం కావాలి కాబట్టి మౌనికను పిలిచి కాగితం ముందు పెట్టాను. చదివింది. పెన్ను కింద పెట్టేసింది.

“టైఫాయిడ్ అని నేను సంతకం పెట్ట మేడం. నిజంగనే ఒస్తే పరీక్ష ఎట్ల రాస్త?”

సత్యవతిగారు తథాస్తు దేవతలకు కూడా ఆదివారాలు సెలవుంటుందని, ఆదివారం సంతకం పెట్టమని నచ్చజెప్పబోయారు. మౌనిక నవ్వింది గాని పెన్ను ముట్టుకోలేదు. ఆ పిల్లకు దేవతల భయం. నాకు అధికారుల భయం. ఎవరి భయం ఎవరి చేత ఏం చేయిస్తోందో ఆ బల్లకు రెండు వైపులా కూర్చుని చూస్తే స్పష్టంగానే కనిపించింది. కాగితం చింపేశాను.

ఆ సాయంత్రం ఉప విద్యాధికారికి లేఖ రాశాను. సర్వీసులో అన్నేళ్లుగా పిల్లల సెలవు చీటీలు చదవడమే గాని నేను రాసింది తక్కువ. మౌనిక చీటీనే నమూనాగా పెట్టుకున్నాను. జరిగింది జరిగినట్టు, చిన్న వాక్యాల్లో. ఫలానా విద్యార్థిని ఫలానా శుక్రవారాల్లో ప్రార్థన గంటకు ముందే బడికి వచ్చింది, నేను పెట్టిన నిబంధన వల్ల బయటకు పంపబడింది, గేటు పుస్తకం జతపరిచాను. హాజరు లేకపోవడానికి కారణం అన్న చోట ‘ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయురాలి ఆదేశం’ అని రాశాను.

ఉప విద్యాధికారి అంటే మా డివిజన్లో ఉన్నత పాఠశాలలన్నిటి మీదా అధికారి. వచ్చే ఏడాది రిటైరవబోతున్న మనిషి, మాట తక్కువ. లేఖ రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివారు.

“మేడం, ముప్పై ఏండ్ల సర్వీసుల హెడ్‌మాస్టర్ల మీద కంప్లైంట్లు చానా చూసిన. వాళ్ల మీద వాళ్లే ఇచ్చుకున్నది ఇదే ఫస్టు. దీన్ని ఏ ఫైల్ల పెట్టాలె?”

ఏ ఫైలులో అయినా పరవాలేదు గాని పిల్ల పరీక్ష రాయాలన్నాను. ఆయన గేటు పుస్తకం తిరగేశారు. ఇరవై రెండు శుక్రవారాలూ వేలు పెట్టి లెక్కపెట్టారు. పేజీలకు నంబర్లున్నాయా, మధ్యలో ఏదైనా ఇరికించారా, సిరా ఒకేసారి రాసినట్టుందా అని చూశారు. తర్వాత నా సంతకాల మీద వేలు ఆపి, ఇవి చదివి పెట్టినవేనా అని అడిగారు. కాదన్నాను.

“సంతకం సదవకుంట పెట్టినా చెల్లుతది మేడం. గందుకే గవర్నమెంటు నడుస్తున్నది. మీ సంతకాలే లేకుంటే ఇది చిత్తుబుక్కు. నేనేం చేయలేకపోదును.”

కాని పూర్తి రోజులు ఇవ్వలేనన్నారు. పిల్ల గేటు దాకా వచ్చినట్టు రుజువుంది కాబట్టి ఉదయం గీత ఇవ్వవచ్చు. మధ్యాహ్నం బడి ఆవరణలో లేదు కాబట్టి రెండో గీతకు ఆధారం లేదు. అంటే ఇరవై రెండు సగం రోజులు, పదకొండు రోజుల హాజరు. నేను అక్కడే లేఖ వెనకాల లెక్క కట్టాను. మార్చి దాకా మిగిలిన పనిదినాల్లో మౌనిక ఆరు రోజులకు మించి మానకపోతే డెబ్బై ఐదు అందుతుంది. మిగిలిన గురువారాలు తొమ్మిది.

ఆయనకు చూపిస్తే, “మీరు లెక్కల మేడమే గద. గా మూడు గురువారాల లెక్క మీరే చూస్కోరి” అన్నారు.

ఉత్తర్వు వారంలో వచ్చింది. దానితోపాటు నాకు ఒక మెమో వచ్చింది, అనధికార నిబంధన ఎందుకు పెట్టారో సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. ‘ఇకమీదట జాగ్రత్తగా ఉండవలెనని హెచ్చరించడమైనది’ అని ముగించారు. ఇలాంటి హెచ్చరికల వల్ల పదోన్నతి ఆగుతుందంటారు. నాకు ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎలాగూ రాలేదు, కాబట్టి ఆగిందో, మామూలుగానే రాలేదో చెప్పలేను.

గురువారాల సంగతికి వస్తే, మా ఆవరణలోనే, అడ్డగోడకు అవతల ప్రాథమిక పాఠశాల ఉంది. దాంట్లో ఒక గదిలో అంగన్‌వాడీ నడుస్తుంది. మూడేళ్లు నిండిన పిల్లలను తీసుకుంటారు. ఈ విషయం నాకు తెలుసు, సత్యవతిగారికి తెలుసు, రోజూ గోడ మీద నుంచి వాళ్ల పాటలు వినిపిస్తూనే ఉండేవి. యాదమ్మకు తెలియదు. ఆరు నెలల్లో పాతికసార్లు ‘చెల్లెను చూసుకోవడానికి ఎవరూ లేరు’ అన్న వాక్యం చదివి, దానిలో దీర్ఘం దిద్దాం గాని, దానికి జవాబు గోడ అవతల ఉందని ఎవరికీ తట్టలేదు.

యాదమ్మ మొదట సందేహించింది. అంగన్‌వాడీ నాలుగింటికి మూస్తారు, మా బడి నాలుగూ నలభై ఐదుకు వదులుతుంది, మధ్యలో పిల్ల ఏం కావాలని. అక్కడి ఆయమ్మ, ఆ ముప్పావు గంట తను కూర్చుంటానంది. మొదటి గురువారం చిన్నపిల్ల ఎంత గట్టిగా ఏడ్చిందంటే పదో తరగతిలో ఛందస్సు ఆగిపోయింది. సత్యవతిగారు తనే వెళ్లి ఎత్తుకొచ్చి, మౌనిక పక్కన కూర్చోబెట్టి, గణవిభజన కొనసాగించారు. రెండో గురువారం కూడా అంతే. మూడో గురువారానికి గోడ అవతల స్నేహితులు కుదిరారు. ఆ రెండు గురువారాలూ ‘బి’ సెక్షన్ రిజిస్టరులో ఆ పాపకు పేరు లేదు గాని, హాజరు మాత్రం పూర్తిగా ఉంది.

మౌనిక మార్చి దాకా ఒక్క రోజు మానింది. ఆ రోజు నిజంగానే జ్వరం. చీటీ ఇచ్చింది, ‘ఎల్’ వేశాం. హాల్‌టికెట్ వచ్చింది, పరీక్ష రాసింది, పాసయింది. లెక్కల్లో గ్రేడు నేను చెప్పినదానికి తగ్గట్టుగానే వచ్చింది, మరీ ఎక్కువ కాదు. ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో చేరిందని విన్నాను.

ఈ వ్యవహారంలో నేను రుణపడినవాళ్లు చాలామందే ఉన్నారు. నామీద గొంతు పెంచే హక్కు పూర్తిగా ఉండి కూడా పెంచని యాదమ్మ. ఎవరూ చదవరని తెలిసినా వారం వారం పెన్నుతో రాసిన నర్సింహ. సగం రోజు ఇచ్చి, మిగతా సగానికి నాతో పనిచేయించిన అధికారి. దొంగ కాగితం మీద సంతకం పెట్టకుండా, నా చేత కూడా పెట్టించకుండా ఆపిన పదిహేనేళ్ల పిల్ల. వాళ్లలో ఎవరు కొంచెం తక్కువ నిక్కచ్చిగా ఉన్నా, ఆ ఏడాది ఆ అమ్మాయి పరీక్ష రాసేది కాదు, లేదా అబద్ధంతో రాసేది.

నేర్చుకున్నది రాసి ముగిస్తాను. ఒప్పుకోదగిన కారణాల జాబితా పెడితే పిల్లలు ఆ కారణాలే తెస్తారు, అసలు కారణం ఎవరో ఒకరిద్దరు తెస్తారు, దెబ్బ వాళ్లకే తగులుతుంది. మానినందుకు శిక్షగా మాన్పించడం బడి చేయకూడని పని. హాజరు పట్టీలో ‘ఎ’ అన్నది పిల్ల గదిలో లేదని మాత్రమే చెబుతుంది, గది బయటకు ఎవరు పంపారో చెప్పదు. అది తెలుసుకోవడం సంతకం పెట్టేవాళ్ల పని. నేను ఆ తర్వాత మిగిలిన సర్వీసులో, పిల్ల ఎందుకు రాలేదని ఇంటివాళ్లను అడిగే ముందు, వచ్చిన రోజు మేమేం చేశామో మా వాళ్లను అడిగేదాన్ని. చాలాసార్లు ఇంటివాళ్లను అడగాల్సిన అవసరం రాలేదు.